ట్యాంకు మూత

గోగుల్లంక దాటేసరికి మళ్ళీ దగ్గు.
పది నిమిషాలు నడుస్తుంది, చచ్చిపోతుంది,
కాసేపు కూర్చోబెడితే లేస్తుంది
మా మావ మోకాళ్ళలాగ.

కార్బొరేటరు మూడుసార్లు విప్పాడు పెంటయ్య.
జెట్టులో బ్రేకు తీగ పోగు దూర్చి ఊదాడు,
ప్లగ్గు గీకాడు,
యానాం పెట్రోలుని తిట్టాడు,
ఆఖరికి నన్నూ.

పోటు తిరిగింది. బుట్టలో పండుగప్పల
కళ్ళు తెల్లబడుతున్నాయి.

ఎంతుందో చూద్దామని మూత తిప్పుదును గదా,
హుస్సుమంది ట్యాంకు
మునిగి తేలిన మనిషిలాగ.
మూతకున్న గాలి బెజ్జం నిండా
కందిరీగ కట్టిన మట్టిల్లు.

పిన్నీసుతో పెకలించాను.
లోపలొక ఆకుపచ్చ పురుగు,
చావలేదు, కదల్లేదు.

హ్యాండిలు తిప్పితే ఒక్క పట్టుకే అందుకుంది.
పెంటయ్య ఏమీ అనలేదు.
చుట్ట వెలిగించబోయి
పెట్రోలు చేతులు చూసుకుని
మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.