పునీతుడి వాటా

చిలోయే దీవిలో చలికాలం ఐదున్నరకే చీకటి.
పొయ్యి పైన తీగ మీద సాక్సులు ఆరవు,
పసివాడు బెల్త్రాన్ గుడ్డలు ఆరవు,
వాటి కింద తడి ఉన్ని కంపుతో ముడుచుకుని యూవియా.
మా భాషలో వాన అని అర్థం.
వానలో దొరికింది కనక ఆ పేరు,
ఎలిసేయో పెట్టాడు. ఏడేళ్ళవాడు,
పేర్ల కోసం పెద్దగా కష్టపడడు,
పిల్లికి పిల్లి అనే పెట్టాడు.

చలికాలం పునీత అంతోనిని కూడా
పొయ్యి దగ్గరికి జరుపుతాం, కట్టెల పెట్టె మీదికి.
ఒవీదియో తాతగారు చెక్కిన బొమ్మ.
ఎడమచేతి చిటికెనవేలు లేదు.
ఎలుక కొరికిందంటుంది అత్తగారు.
పళ్ళొచ్చే వయసులో ఎలిసేయో కొరికాడని నాకు తెలుసు.

"అడిగినవాళ్ళకి రొట్టె ఇస్తాడమ్మా ఈయన,"
అని అత్తగారు చెప్పింది నయరెత్‌కి.
నాలుగేళ్ళది. కాసేపు ఆలోచించి,
"మరి ఆయనకెవరు ఇస్తారు?" అంది.

ఆ రాత్రి నుంచీ తన రొట్టెలో ముక్క
ఆయన పాదాల దగ్గర.
తెల్లారేసరికి ఉండదు.
గొప్పలేం పోదు మా పిల్ల,
పక్కింటాయనకి తలూపినట్టు
ఆయనకోసారి తలూపి పాలకొస్తుంది.

అర్ధరాత్రి చెక్కనేల మీద గోళ్ళ టకటక,
ఆ తర్వాత నాలుక చప్పుడు.
దుప్పట్లో ఒవీదియో భుజాలు నవ్వుతో కదిలేవి.
మేం అబద్ధం చెప్పలేదు.
ఎవరూ అడగలేదు, అంతే.

నా సంగతంటారా,
తమ్ముడు ఆవురేలియో పడవ బోర్లాపడ్డ మార్చి నుంచి
జపమాల వేళకి నాకెప్పుడూ బంగాళదుంపలు గుర్తొస్తాయి,
తొక్క తీయాల్సినవి.
నెలకోసారి లాంచీలో ఫాదర్‌గారు వస్తారు.
చర్చిలో దివ్యప్రసాదం వేళకి
బెల్త్రాన్‌ని ఎత్తుకుని బయటికి నడుస్తాను,
ఏడుస్తున్నాడని.
వాడు ఏడవడు. నా కొంగులాంటి శాలువా నములుతూ
సముద్రాన్ని చూస్తుంటాడు.

ఆగస్టులో ఒవీదియో ఆల్చిప్పల తెప్పల మీదికి
నాలుగు రోజుల పనికి పోతూ
యూవియాని తీసుకెళ్ళాడు.

మొదటి పొద్దున ముక్క అలాగే ఉంది.
నయరెత్ ఏమీ అనలేదు.
చేతి వెనకవైపు ఆయన నుదుటికి ఆనించింది,
అచ్చం నేను చేసేలాగే.
రెండో రాత్రి వెన్న రాసి పెట్టింది.
అదీ ఉండిపోయింది.
మూడో రాత్రి మళ్ళీ కొత్త ముక్క, మళ్ళీ వెన్న,
ఈసారి పైన బెల్త్రాన్ దుప్పటి, మెడదాకా.
"చెక్కే అది," అన్నాడు ఎలిసేయో.
"చెక్కకి చెదలు పడతాయిగా," అంది,
"అది జబ్బేగా మరి."

అందరూ పడుకున్నాక లేచాను.
నిప్పుల వెలుగు ఆయన ముక్కు వరకే.
వెన్న మీద చిన్న బొటనవేలి ముద్ర.
నిలబడే తిన్నాను, ఎవరిదో తింటున్నట్టు.
గట్టిపడింది. గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.
ఏమీ జరగలేదు.
రేకు కప్పు మీద వాన అలాగే పడుతోంది,
ఆవురేలియో రాలేదు,
అరికాళ్ళు మంచయ్యాయి.
కానీ పెట్టె మీద రాలిన తునకల్ని
తడి వేలికి అద్దుకుని అద్దుకుని
ఒక్కటీ మిగలకుండా తిన్నాను.
ఎందుకో ఇప్పుడూ చెప్పలేను.

మర్నాడు సాయంత్రం పడవ వచ్చింది.
యూవియా గుమ్మంలో ఒళ్ళు విదిలిస్తే
మా అందరితో పాటు పునీతుడూ తడిశాడు.
ఆల్చిప్పల బకెట్టు, బూట్ల బురద, అరుపులు.
ఆ గోలలోనే నయరెత్ కుర్చీ ఎక్కి
మూడు ముక్కలు కోయించుకుంది.
ఒకటి ఆయన ముందు పెట్టింది.
ఒకటి కింద, నేల మీద,
యూవియా మూతి అందేచోట.
నేనూ ఒవీదియో మొహాలు చూసుకున్నాం.
మూడోది నా వైపు జరిపింది.
"ఇది వెన్న ఇష్టమైనవాళ్ళకి."

అత్తగారు జపమాల మొదలుపెట్టింది.
బంగాళదుంపలు బుట్టలోనే ఉన్నాయి.
అప్పుడు బెల్త్రాన్ గుక్కపట్టి ఏడ్చాడు,
ఈసారి నిజంగానే.
ఒవీదియో వాణ్ణి ఎత్తుకున్నాడు.
నేను లేవలేదు.