పట్టు

ఈసారి ముందు రక్తం తీయలేదు.
ఒక ఇనప పిడి చేతికిచ్చి
"గట్టిగా నొక్కండి అత్తా" అంది నఫీసా.
నొక్కాను.
ముల్లు వణికి వణికి పద్దెనిమిది దగ్గర ఆగింది.
"ఇదేంటమ్మా, కూరగాయల కాటానా?" అంటే నవ్వి,
చేతిలో పట్టెంతుందో చూస్తున్నామంది.

పట్టు చూడాలంటే
ఏటుకూరు రోడ్డు షెడ్డుకి రావాలి బిడ్డా.
మాఘమాసం చలి నుంచి రోళ్ళు పగిలే ఎండలదాకా
కిలోకింత చొప్పున తొడిమలు తీసిన వేళ్ళివి.
గోరు కింద మంట ఎన్నడూ చల్లారలేదు.
కంట్లో నలుసు పడినా
మోచేత్తోనే తుడుచుకుంటాను.

ప్రశ్నల కాగితాలు పదకొండు.
నెలసరి ఎప్పుడాగింది? నలభై రెండుకి.
ఇంట్లో ఎవరికి తెలుసు? అమ్మాయికొక్కదానికే.
పనిచేసే చోట?
షుగరని చెప్పాను. షుగరుకి గౌరవం ఉంది.
ఉన్నట్టుండి ఒళ్ళు భగ్గుమంటుందా?
భగ్గుమనదా మరి!
నడిరేయి లేచి తడిగుడ్డ మెడకి చుట్టుకుని
గచ్చు మీద పొర్లుతాను.
ఇది ముట్లుడిగిన వేడా, రాత్రి మింగే బిళ్ళ వేడా,
ఒంట్లో కాపురమున్నదాని వేడా,
లేక మిరపకాయలదేనా అని నేనే అడిగాను.
పెన్ను ఆపింది ఆ పిల్ల.
"అదే తెలీదు అత్తా. తెలుసుకోడానికే ఇదంతా.
మీలాంటివాళ్ళు యాభై దాటుతారని
పెద్దగా ఎవరూ అనుకోలేదు."

నేను మాత్రం అనుకున్నానా?

పాత ఆస్పత్రి వరండాలో
తలెత్తకుండా చెప్పాడొక డాక్టరు, రెండేళ్ళని.
మాఆయన పోయి నెల తిరగలేదప్పటికి.
ఆ వారమే పెళ్ళినాటి పట్టుచీర,
పండిన మామిడి రంగుది,
తోడికోడలి చేతిలో పెట్టేశాను.
కొన్నాళ్ళు బియ్యం కూడా నెలకి సరిపడా కొనలేదు.
కొత్త చెప్పులు దండగనిపించేవి.
చావుకి సిద్ధపడ్డాను గానీ
చత్వారానికి సిద్ధపడలేదు,
మెట్లెక్కితే కటకటమనే మోకాళ్ళకి సిద్ధపడలేదు.
ముసలితనం నాకు
అడ్రసు తప్పి వచ్చిన ఉత్తరం.
విప్పాలా, తిప్పి పంపాలా తెలీలేదు చాన్నాళ్ళు.

చల్లటి గదిలో బల్లమీద పడుకోబెట్టి
ఎముకల ఫోటో తీశారు.
కోల్డు స్టోరేజిలో మిర్చి టిక్కీలా
కదలకుండా పడుకున్నాను.

తర్వాత జ్ఞాపకం పరీక్ష.
ఐదు మాటలు చెబుతుంది, కాసేపాగి నేను తిరిగి చెప్పాలి.
గొడుగు, పావురం, ఇత్తడి, వంతెన, నిమ్మకాయ.
మధ్యలో వందలోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మంది.
తొంభైమూడు, ఎనభైయారు, డెబ్భైతొమ్మిది...
కూలి లెక్కల దాన్ని, ఎక్కడా ఆగలేదు.
ఇక మాటలు చెప్పమంటే
గొడుగు, నిమ్మకాయ.
అంతే. నాలిక చివర వేరేవాళ్ళొచ్చి నిలబడ్డారు.
నల్లపాడు షహీదా.
పేరేచర్ల నుంచి తెల్లారేసరికే దిగే రంగనాయకి.
బస్సు చార్జీకి లేక ఒక నెల మందు మానేసి
పై నెలకి రాని జోజమ్మ.
వరండాలో నా ముందూ వెనకా ఉన్నవాళ్ళు.
ఎవరి చెంగు ఏ రంగో కూడా చెప్పగలను.
"ఐదుకి రెండు" అని రాసింది నఫీసా.
తప్పు కాదులే, ఆమె లెక్క ఆమెది.

మూడొందలు చార్జీలిచ్చి సంతకం పెట్టించుకుంది.
"మళ్ళీ రెండేళ్ళకి రావాలి, మర్చిపోకండి అత్తా,
మీరు రాకపోతే మా లెక్క చెడుతుంది."
రెండేళ్ళు.
ఆ మాటే. అప్పుడు గోడలా కట్టారు,
ఇప్పుడు వాయిదాలా ఇస్తున్నారు.
సరేనన్నాను.
ఎడమచెయ్యి చూడలేదేమని కూడా అడిగాను.
చూసింది. పదిహేడు.

లాడ్జి సెంటర్లో ఆటో కోసం నిలబడి
తోడికోడలికి ఫోన్ చేశాను.
ఆ చీర మనవరాలికి పరికిణీ కుట్టించిందట.
"చినిగిపోలేదక్కా, అంచు ఇంకా మిగిలే ఉంది" అంది.
అంచు ఉంచమన్నాను.
ఎందుకని అడిగింది.
ఇంతలో ఆటో వచ్చింది.