రెండు కండెల టికెట్టు

శుక్రవారం సాయంత్రం
కుళ్లాయప్ప శెట్టి ఇంట్లోకి పోవాలంటే
పిలకాయలకు టికెట్టు రెండు కండెలు.
వాకిట్లో రాట్నం, పక్కన పట్టుదారం.
చుట్టి చూపిస్తేనే శెట్టెమ్మ గడప దాటనిచ్చేది.
వదులుగా చుట్టినోళ్లు కిటికీ బయట.
మొదటి మూడు వారాలు నేను కిటికీ బయటే.

ధర్మవరంలో మా వీధికంతా అదొక్కటే టీవీ.
చెక్క తలుపులు దానికి, తాళం కూడా.
తాళంచెవి శెట్టెమ్మ మెళ్లో, తాళిబొట్టు పక్కన.
అద్దం మీద ఒక ప్లాస్టిక్ కాగితం అతికించినారు,
పైన నీలం, నడుమ గులాబి, కింద పచ్చ.
వార్తలు చదివే ఆయప్పకు
నెత్తి నీలం, మీసం గులాబి, టై పచ్చ.
మా మటుకు మాకు అది కలర్ టీవీనే.

మిద్దె మీద పక్కీరు, యాంటెనా కడ్డీ పట్టుకోని.
"వచ్చిందా?"
"చీమలొస్తాండాయి!"
"ఇప్పుడు?"
"ఒక మనిషి ఇద్దరైనాడు!"
"ఇప్పుడు?"
ఇంక ఎవరూ పలికేవాళ్లు కాదు.
బొమ్మ కుదిరితే పక్కీరును మర్చిపోవడం మా అలవాటు.
పాట సగమైనాక వాడికే అనుమానమొచ్చి
చెయ్యి వదిలేవాడు, మళ్లీ చీమలు.
ఆ ఏండ్లల్లో వచ్చిన పాటలన్నీ
వాడు మిద్దె మీదనుంచి విన్నాడే గానీ చూళ్లేదు.

హిందీ సీరియల్ రోజు మాత్రం వాడే రాజు.
వీధిలో ఉర్దూ మాట్లాడే ఇల్లు వాళ్లదొక్కటే.
వాళ్లు పది మాటలు మాట్లాడితే
"అన్నం తిన్నావా అంటాండాడు" అనేవాడు.
కోడలు ఇల్లిడిచి పోయిన రోజు
అవ్వలు కండ్లొత్తుకుంటాంటే
"పుట్టింటికే లే అవ్వా, పండగకు" అన్నాడు.
మూడు వారాలు నమ్మినాం.

చౌడక్క కత వినేది కాదు.
మగ్గం గుంతలోంచి లేచి, కాళ్లు కడుక్కోని వచ్చి
గోడకానుకోని నిలబడేది,
కూర్చుంటే మోకాళ్లు మళ్లీ లేవనియ్యవని.
పాటలో పిల్ల పరిగెత్తితే
మేం పిల్లను చూసేవాళ్లం, ఆమె పైట చూసేది.
"అంచు ఆరంగుళాలు. బుటా మామిడి పిందె.
కొంగు మన్నేత కాదు."
గాలికి ఆ కొంగు ఒక్కసారి విచ్చుకునేది, అంతే.

"రంగేంది చౌడక్కా?"
వీధి వీధంతా ఆమె దిక్కు తిరిగేది.
నలుపు తెలుపులోంచి, ఆ మూడు రంగుల కాగితంలోంచి
ఆమె కండ్లు చికిలించి చూసి
"ఉల్లిపొర" అనేది.
ఇంకోసారి "వంకాయ పువ్వు".
ఒకసారి అయితే చానాసేపు పలకలేదు.
వానలో ఒక పిల్ల, తడిసిన చీర,
పైన పక్కీరు కూడా తడుస్తాండాడు,
"వచ్చిందా? వచ్చిందా?" అని అరుస్తాండాడు.
కరెంటు పోయింది.
చీకట్లో చౌడక్క గొంతు.
"నెమలి కంఠం."

ఆ నెలలోనే అది మగ్గమెక్కింది.
పడుగు పచ్చ, పేక నీలం.
బడి ఎగ్గొట్టి నేనే కండెలు చుట్టినా, గట్టిగా.
మడిచి పెట్టకముందే అమ్ముడుపోయింది,
బెంగళూరునుంచి ఇంకో పదకొండు కావాలని కార్డొచ్చింది.

పోయిన నెల ఆ పాట ఫోన్లో దొరికింది.
అసలు రంగుల్లో.
చీర నెమలి కంఠం కాదు.
ఇటుకపొడి లాంటిదేదో, అంచుకు జరీ కూడా లేదు,
ఉత్త పసుపు దారం.
నాలుగుసార్లు చూసి, ధర్మవరం రైలెక్కినా.

వీధి పొడుగునా మరమగ్గాల మోత.
చౌడక్క కండ్లకు ఆపరేషనై వారమైందంట, నల్లద్దాలు.
అవి నెత్తిమీదికి తోసి
ఫోను ముక్కుకానించుకోని పాటంతా చూసింది.
ఇంకోసారి పెట్టమంది.

"సినిమావాళ్లు రంగు తప్పేసినారు" అంది.

అని, ఫోను నా చేతిలో పెడతా,
"పక్కీరుకు చూపియ్యి పో.
వాడప్పుడు మిద్దె మీదుండె."