బాయిలర్ గది

ఈ బడికి తలుపులు రెండు.
గంటలు రెండు, హెడ్మాస్టర్లు ఇద్దరు,
చరిత్ర పుస్తకాలు రెండు రకాలు.
ఒకదాంట్లో పారిపోయినవాళ్ళు
ఇంకోదాంట్లో తరిమినవాళ్ళు.
బాయిలర్ మాత్రం ఒక్కటే.
దానికి బొగ్గు వేసేది నేను, పేరు దామిర్.

దామిర్ అంటే చిక్కు పేరు.
అటూ పెట్టుకుంటారు, ఇటూ పెట్టుకుంటారు.
లాష్వా లోయలో పేరు వినగానే
మనిషిని ఏ శ్మశానంలో పూడుస్తారో చెప్పేస్తారు,
నా దగ్గర మాత్రం ఆగిపోతారు.
"మనవాడేనా?" అని పక్కవాణ్ణి అడుగుతారు
నా ముందే, నేను చెవిటివాణ్ణయినట్టు.
ఇంటిపేరు అడుగుతారు, ఆనక అమ్మ పేరు,
అప్పటికీ తేలకపోతే
ఏం తాగుతావని నవ్వుతూ అడుగుతారు.

కాఫీని మా నాన్న కావా అనేవాడు.
అమ్మ కాహ్వా అనేది, మధ్యలో కాస్త ఊపిరి వదిలి.
పక్కింటి స్లావోయ్కా పిన్నికి అది కాఫా.
ముగ్గురూ ఒకే రాగి గిన్నెలోంచి వంచుకునేవారు.
తాగాక కప్పులు బోర్లించి
మడ్డిలో జాతకాలు చూసేది పిన్ని.
తొంభైమూడు గురించి
ఏ కప్పూ చెప్పలేదు.

ఆ ఏడు చెక్‌పోస్టు దగ్గర ఒక కుర్రాడు,
నా దగ్గరే సైకిల్ రిపేరు నేర్చుకున్నవాడు,
తుపాకీ నా పొట్టకి ఆనించి
"రొట్టెని ఏమంటావ్?" అన్నాడు.
వాడికి నేను తెలుసు. తుపాకీకి తెలీదు.
దగ్గు తెచ్చుకున్నాను.
దగ్గుకి యాస ఉండదు.
దగ్గి దగ్గి బురదలో కూలబడితే
విసుగొచ్చి వదిలేశాడు.
ఇప్పుడు అటువైపు డ్రిల్లు మాస్టారు.
పొద్దున ఎదురైతే చలి గురించి మాట్లాడుకుంటాం.

ఆటస్థలం మధ్య ఇనుప వల.
బంతి అటు పడితే ఇటు పిల్లలు నన్ను వెతుక్కుంటూ వస్తారు,
రెండు తాళాలూ నా నడుముకే కదా.
తెచ్చిస్తాను. చొక్కాకి తుడిచి మరీ తీసుకుంటారు.
పదేళ్ళవాళ్ళు, యుద్ధం చూసినవాళ్ళు కారు.
తుడవాలని ఎవరు చెప్పారో వాళ్ళకే గుర్తులేదు.

మొన్న జనవరిలో రమో వచ్చాడు.
వంతెన కింద రేకుల గుడిసెల పిల్లాడు, రోమా.
తండ్రి తుక్కు ఇనుము ఏరతాడు.
ఏ తలుపులోంచి వెళ్ళాలో తెలీక
రెండింటి మధ్యా గోడకి ఆనుకుని నిలబడ్డాడు.
ఇటువాళ్ళు ఒక మాట అన్నారు.
అటువాళ్ళు అదే మాట అందుకున్నారు,
ఒక్క అక్షరం తేడా లేదు.
ఇరవయ్యేళ్ళ కొలువులో మొదటిసారి
ఆ రెండువైపులా పిల్లలు కలిసి నవ్వడం విన్నాను,
వల కంతల్లో వేళ్ళు దూర్చి
ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటూ.

వాణ్ణి బాయిలర్ గదిలోకి తీసుకొచ్చాను.
తడిసిన బూట్లు పైపు మీద ఆరేశాను.
కాఫీ పెట్టాను, నీళ్ళెక్కువ పోసి,
పంచదార మూడు చెంచాలు.
"నువ్వెవరివాడివి?" అనబోయి,
మా లోయలో పలకరింపే అది,
మింగేశాను.
వాడు కప్పు రెండు చేతులా పొదివి పట్టుకుని
"దీన్ని మీరేమంటారు?" అన్నాడు.
తాగమన్నాను.

వాడు వెళ్ళాక
మేకుకున్న కోటు తీసి
జేబులో పర్సు తడిమి చూసుకున్నాను.
ఉంది.
చెయ్యి చాలాసేపు ఆ జేబులోనే ఉండిపోయింది.
పైన గంటలు రెండూ
నిమిషం తేడాతో మోగాయి.