వాయిదా

కళ్యాణదుర్గం కోర్టులో
నేను చెప్పింది ఒక్క మాటే:
కంచె లోపలుండేది మఠం భూమి కాదు,
మా ఊరి గొర్రెల దావ.

మరుసనాడే మంగలి వన్నూరప్ప
కత్తి మొండిపోయిందన్యాడు.
శనిక్కాయలు ఒలిసేదానికి పోయినేడు పదైదు మంది.
ఈయేడు నేనూ, రేడియో.

నాతోపాటు ఏలిముద్ర ఏసిన మారెన్న
బస్సులో నా పక్క సీటు ఖాళీగున్నా
బెళుగుప్ప దాకా నిలబడే వచ్చినాడు.
కమ్మీ పట్టుకున్న బొటనేల్లో
సిరా కోసరం చూసినా.
కడుక్కున్యాడు.

తమ్ముడు చెప్పంపినాడు:
పాప పెండ్లి స్వామి చేతుల మీద,
నువ్వు రాకుంటే మేలు.
ఆ పాపకు నడక నేర్పింది నేను.

ఇంట్లో ఉండేది మఠమోళ్లు పంచిన క్యాలెండరొకటే.
స్వామి పాదాల కింద
పద్నాలుగో తేదీకి సున్నా చుట్టినా.
ఓబులమ్మ చూసింది. ఏమీ అనలేదు.
కిందపడిన పెన్ను మూత
ఎతికి పెట్టింది.