మిరప గింజంత

పద్నాలుగేళ్ళుగా నన్ను పిరికిదనే అన్నారు.

యార్డులో టిక్కీల మధ్య కూర్చుని ముచ్చికలు తీస్తుంటే
ఉన్నట్టుండి గొంతులోకి ఎగిరేది గుండె.
గుప్పిట్లో పట్టుకున్న కోడిపిల్లలా
జాకెట్టు మీంచే కనపడేది కొట్టుకోవడం.
మస్తాన్‌బీ చన్నీళ్ళు మొహాన కొట్టేది.
మేస్త్రీ అనేవాడు, "దీనికి మళ్ళీ భయం పట్టింది."
దేన్ని చూసి? ఎర్రటి కాయల్ని చూసా?

ఏసోబు దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించాడు.
పాస్టరమ్మ తల మీద చెయ్యేసింది.
ఆరెంపీ డాక్టరు నిద్రమాత్ర రాశాడు.
ఏది పనిచేసిందో తెలిసేలోగా
వచ్చినట్టే పోయేది, టక్కున,
కరెంటు పోతే పిండిమర ఆగినట్టు.
పెద్దాసుపత్రి మెట్లెక్కేసరికి నాడి బుద్ధిగా ఉండేది.
అబద్ధాలకోరుని నేనే.

ఈసారి కొత్తపేటలో దొరికింది.
కాగితం మీద గీతలు, పేలదువ్వెన పళ్ళంత దగ్గరగా.
చిన్న డాక్టరు పెన్ను మూత కొరుకుతూ చెప్పాడు:
"పుట్టుకతోనే ఓ తీగ ఎక్కువుందమ్మా నీ గుండెలో.
కరెంటు దాంట్లోంచి వెనక్కొచ్చి గుండ్రంగా తిరుగుతోంది.
తొడలోంచి వైరు పంపి ఆ చోటు కాలుస్తాం.
ఎంతో కాదు, మిరప గింజంత."

నవ్వొచ్చింది. అరచేతులు చూపించా.
కాలడం గురించి నాకా చెప్తావు బాబూ,
రాత్రిళ్ళు ఈ చేతులు మజ్జిగలో ముంచి పడుకుంటాను.

ఐదు రోజుల ముందే మాత్రలు మానమన్నారు.
ఆ ఐదు రోజులూ తలుపు తీసిపెట్టిన ఇల్లు నా ఒళ్ళు.
బియ్యం చెరుగుతుంటే వచ్చింది,
లాడ్జి సెంటర్లో ఆటో ఆగితే వచ్చింది,
ఊరికే కూర్చున్నా వచ్చింది.
ముందు రాత్రి పది దాటాక మంచినీళ్ళూ లేవు.
తెల్లారి ఒక నర్సు పిల్ల గజ్జల్లో బ్లేడుతో గొరుగుతూ
నీదేవూరంటే నీదేవూరని మాట కలిపింది.
ముక్కుపుడక సబ్బు రాసినా ఊడలేదు.
దాని మీదే ప్లాస్టరేశారు.

లోపల చలి.
కోల్డ్ స్టోరేజీలో టిక్కీని దించినట్టు దించారు నన్ను.
"సలోమీ, ఇప్పుడు మేమే తెప్పిస్తాం దాన్ని. కంగారు పడకు."
తెప్పించారు.
అదే. ఆ కోడిపిల్లే.
ముసుగులేసుకున్న ఆరుగురు తెర వంకే చూస్తున్నారు.
"అదిగో, వచ్చింది!" అన్నాడు చిన్న డాక్టరు
పెళ్ళివారు దిగినంత సంబరంగా.
నా కళ్ళెంట నీళ్ళు కారాయి.
నొప్పా, అనడిగారు.
కాదు.
పద్నాలుగేళ్ళకి సాక్షులు దొరికారు.

తర్వాత రొమ్ము వెనకాల ఒక చురుకు,
పోపులో ఎండుమిరపకాయ మాడినట్టు,
ఘాటు లేకుండా.
మళ్ళీ పిలిచారు దాన్ని. మందెక్కించి మరీ పిలిచారు.
రాలేదు.

ఆరు గంటలు కాలు కదపొద్దు. గజ్జల మీద ఇసుక మూట.
ఏసోబు బత్తాయి తొనలు నోట్లో పెడుతూ
"కాల్చేశారా?" అన్నాడు గుసగుసగా,
అది పక్క మంచం మీదుండి వింటున్నట్టు.

తొడ మీద వంకాయ రంగు మచ్చ పసుపయ్యేదాకా
బిందె ఎత్తలేదు, గొంతుక్కూర్చోలేదు.
అప్పుడప్పుడూ ఒక దెబ్బ తప్పుతుంది,
ఇంకో మెట్టుందనుకుని కాలేస్తే లేనట్టు.
ఊపిరి బిగబట్టి చూస్తా, వెనకాలే వస్తుందేమోనని.
రాదు. కొన్నాళ్ళింతే అన్నాడు డాక్టరు.
చెప్తే నవ్వుతారుగానీ,
రాత్రిపూట దానికోసం వెతుక్కున్నాను కూడా.

ఇవాళ యార్డుకొచ్చా.
ఘాటుకి అందరం దగ్గుతున్నాం. తాలు ఏరి పక్కన పోస్తున్నా.
కిలోకి అర్ధరూపాయి తగ్గిస్తానన్నాడు మేస్త్రీ.
ఎవరూ తలెత్తలేదు.
కుదరదన్నా.
అనగానే దడ.
కారం చేత్తోనే గుండె పట్టుకుని విన్నా.
ఇది అది కాదు.
మెల్లగా ఎక్కుతోంది, మెల్లగా దిగుతోంది.
ఇది ఉత్త భయం. మస్తాన్‌బీకి ఉండేది, అందరికీ ఉండేది.

ఓహో, ఇదా.
ఇంతేనా, అనుకుని
ఆ మాటే మళ్ళీ అన్నా.