పసుపు మీద నలుపు

మా చిన్నలైనుకి పద్దెనిమిది పేర్లుండేవి.
అన్నీ నా చేత్తోనే రాసేను.
పసుపు రేకు మీద నలుపు:
ఒడియా, హిందీ, ఇంగిలీసు.
తెలుగు రాయమని ఎవరూ చెప్పలేదు.
రేకు వెనక, వానకి తడవని మూల
బెత్తెడు తెలుగు నేనే రాసుకునేవాణ్ణి.

ఒడియా అక్షరం గొడుగేసుకుంటాది,
తెలుగక్షరం తలకట్టు కట్టుకుంటాది,
రెండూ ఎండన పడి నడిచే మనుషుల రాతేరా
అనేవాడు మా గురువు దండాసి.
పర్లాకిమిడిలో కొమ్ముబొమ్మలు చెక్కే ఇంట పుట్టి
కుంచె పట్టినందుకు
తండ్రితో పదేళ్లు మాటల్లేని మనిషి.

గంటకి పన్నెండు మైళ్లు మా బండి.
గార్డు దిగి సీతాఫలం కోసుకుని
మళ్లీ అదే పెట్టె ఎక్కేవాడు.
అబద్ధం కాదు, నాకూ ఒకటిచ్చేడు.

వాల్తేరు నుంచి వచ్చిన మొదటి కాయితంలో
ఒకటే పేరుంది. నువ్వులవలస.
రోజుకి నాలుగు టిక్కెట్లు తెగటం లేదంట.
మాస్టరు పూర్ణచంద్ర పాఢి
కళ్లజోడు తుడుచుకుని, చదివి, మళ్లీ తుడుచుకుని
"నీ పనే" అన్నాడు.

పట్టికలో పేరు చెరపడానికి గీకక్కర్లేదు,
పసుపు ఒక్క పూత చాలు.
రాయడానికి ఒక పూట పట్టేది.
చెరపడానికి బీడీ కాలినంత సేపు.
కూలి సగమిచ్చేరు.
సగమేంటని అడగలేదు నేను,
అడగాల్సింది.

తర్వాత కరకబండ. తర్వాత తుమ్మిగుడ.
ఒక ఏడాది మూడు ఒక్కసారే.
పేర్లు పోయేయి గానీ పక్కనున్న అంకెలు పోలేదు.
పన్నెండు కిలోమీటర్ల కింద ఇరవై ఒకటి.
నడిమిన తొమ్మిది కిలోమీటర్లు
ఎవరివీ కావు.

తుమ్మిగుడ ఆగదని తెలిసీ
సొంబారి శబర అనాసపళ్ల తట్టతో వచ్చేది.
ఎక్కడికంటే చెరిపిన పేరే చెప్పేది.
గుమస్తా తర్వాతి ఊరికి టిక్కెట్టు కొట్టి
"మధ్యలో నీ ఇష్టం" అనేవాడు.
వంపు దగ్గిర డ్రైవరు నిదానించేవాడు,
రూలు ప్రకారం, వంపు కోసం.
ముందు తట్ట దిగేది, తర్వాత ఆమె.

ఒక రోజు తట్ట దిగింది, ఆమె దిగలేకపోయింది.
తొమ్మిది కిలోమీటర్లు పట్టాల మీద వెనక్కి నడిచింది.
తట్ట ఉన్నచోటే ఉందంట,
పండు ఒకటి తక్కువ.
కోతి అంది ఆమె.
గేంగుమను లచ్చుమన్న అనుకున్నాను నేను.

ఆఖరి కాయితంలో పేర్లే లేవు.
"మొత్తం లైను" అని ఉంది.

పెద్దలైను వేస్తామన్నారు, వేసేరు కూడా.
నీలం పెట్టెలు. వంపుని తిన్నగా కోసేసేరు.
బోర్డులు ఎక్కడో అచ్చయి వస్తాయి,
కళకళలాడతాయి,
వేలు పెడితే తడి అంటదు.

పాత రేకులు తుక్కు కింద కిలోల లెక్కన అమ్మేరు.
తుమ్మిగుడ పదకొండు కిలోలు తూగింది,
నా రంగుతో కలిపి.
సొంబారి కొడుకు కొని, కావిడికి కట్టి మోసుకెళ్లి
కోళ్లగూటికి బోర్లా కప్పేడు.
ఒడియా, హిందీ, ఇంగిలీసు కోళ్లు చదువుతాయి.
ఆకాశానికి నా బెత్తెడు తెలుగు.

వానకి తడవని మూల అనుకున్నాను అప్పుడు.
మొన్న వెళ్లి చూస్తే
గకారానికి తలకట్టు ఊడిపోయింది,
బోడిగా నిలబడింది పాపం.
సంచిలో కుంచె ఉంది.
డబ్బాలో పసుపు గెడ్డకట్టింది గానీ
నలుపు ఇంకా కదులుతోంది.

నిచ్చెనుందా అని అడిగితే
"ముందు తిను" అని
సొంబారి అనాసపండు నిలువునా కోసింది.
కోడి ఒకటి గూటి మీదికెగిరి
సరిగ్గా ఆ గకారం మీదే నిలబడి
మమ్మల్నిద్దరినీ చూసింది.